మీకు తెలుసా? కుడి మోకాలు నొప్పైతే కర్ర ఎడమ చేతికి

కర్ర ఏ చేతిలో ఉండాలి?

శ్రీకాకుళం ఏడు రోడ్ల కూడలిలోనో విజయనగరం గంటస్తంభం దగ్గరో కాసేపు నిలబడి చూడండి. కర్ర పట్టుకుని నడిచే పెద్దవాళ్లలో చాలామంది నొప్పి ఉన్న కాలి వైపే దాన్ని పట్టుకుంటారు. నొప్పి ఎక్కడుంటే సాయం అక్కడే ఉండాలనిపించడం సహజమే. కానీ ఫిజియోథెరపిస్టు దగ్గరికి వెళ్తే ముందుగా ఆ కర్రను చేయి మార్పిస్తారు. కుడికాలు నొప్పైతే కర్ర ఎడమ చేతిలో ఉండాలి, ఆ రెండూ కలిసి ముందుకు కదలాలి.

నడకలో ఒక కాలు నేల మీద ఆనినప్పుడు రెండోది గాల్లో ఉంటుంది. ఆ క్షణంలో నడుము గాల్లో ఉన్న కాలి వైపు ఒరిగిపోకుండా నేల మీది కాలి తుంటి కండరాలు గట్టిగా బిగిసి ఆపుతాయి. ఆ బిగింపు భారం కూడా శరీర బరువుతో కలిసి తుంటి కీలు మీదే పడుతుంది. ఎదుటి చేతిలో కర్ర ఉంటే ఒరగకుండా అదే కాస్తుంది. కండరాలకు పని తగ్గుతుంది, కీలుకు ఒత్తిడి తగ్గుతుంది.

కర్ర ఎత్తు కూడా ముఖ్యమే. రోజూ వేసుకునే చెప్పులతో నిటారుగా నిలబడి చేతులు వదిలేస్తే మణికట్టు గీత ఎక్కడికి వస్తుందో, కర్ర పిడి అక్కడికి రావాలి. ఇంట్లో ముందు తరం వాళ్లు వదిలివెళ్లిన కర్ర అందరికీ కుదరదు. అడుగున రబ్బరు తొడుగు అరిగిపోతే వానాకాలంలో గచ్చు మీద ఆ కర్రే జారి పడేస్తుంది. ఖరీదు తక్కువే కాబట్టి వెంటనే మార్చేయండి.

ఒక కిలో తగ్గితే మోకాలికి నాలుగు కిలోలు తగ్గినట్టు

బరువు ఎక్కువగా ఉండి మోకాళ్లు అరిగిన పెద్దవాళ్ల నడకను కొలిచి, అమెరికా పరిశోధకులు 2005లో ప్రచురించిన లెక్క ఇది. ఒంట్లో తగ్గిన ఒక్కో కిలోకీ, వేసే ప్రతి అడుగులో మోకాలి మీద భారం నాలుగేసి కిలోలు తగ్గింది. రోజుకు వేసే కొన్ని వేల అడుగులతో హెచ్చవేసుకుంటే ఐదు కిలోలు తగ్గడం చిన్న విషయం కాదని తెలుస్తుంది.

కదలని కీలుకు తిండి అందదు

ఎముకల చివర ఉండే మృదులాస్థికి, అంటే నున్నటి గుజ్జులాంటి ఆ పొరకు, రక్తనాళాలు లేవు. మరి దానికి పోషణ ఎలా? కీలులో ఉండే జిగట ద్రవం నుంచి. కాలు మోపినప్పుడు ఆ పొర స్పాంజిలా నొక్కుకుని పాత ద్రవాన్ని వదులుతుంది, ఎత్తినప్పుడు కొత్తదాన్ని పీల్చుకుంటుంది. "మోకాళ్లు అరిగిపోయాయి, ఇక కదపకు" అని ఇంట్లోవాళ్లు ప్రేమగా మంచం మీద కూర్చోబెడితే, ఆ కీలుకు తిండి మాన్పించినట్టే. పైగా తొడ ముందు కండ కొద్ది వారాల్లోనే సన్నబడిపోతుంది. మోకాలిని అదుపులో పట్టి ఉంచేది ఆ కండే.

కండబలం అనగానే వీరఘట్టంలో పుట్టి, విజయనగరంలో పెరిగి, ఛాతీ మీద ఏనుగును ఎక్కించుకున్న కోడి రామ్మూర్తి నాయుడు ఈ ప్రాంతంలో అందరికీ గుర్తొస్తారు. కండ పెంచడం పహిల్వాన్ల పని మాత్రమే కాదు. డెబ్బై ఏళ్ల అమ్మమ్మకు కూడా కండ పెరుగుతుంది. కాళ్లు చాపి కూర్చోవాలి. మోకాలి కింద మడతపెట్టిన తువ్వాలు పెట్టుకోవాలి. దాన్ని మోకాలితో కిందికి నొక్కి, ఐదు లెక్కపెట్టి, వదలాలి. పదిసార్లు. మోకాలి నొప్పికి ఫిజియోథెరపీలో మొదటి పాఠం సాధారణంగా ఇదే.

కీళ్లవాతాలన్నీ ఒకటి కావు

మన ఊళ్లలో అన్నిటికీ "వాతం" అనే ఒక్క మాటే వాడతాం. వైద్యంలో వంద రకాలకు పైగా ఉన్నాయి. మనకు ఎక్కువగా ఎదురయ్యేవి రెండు. ఆస్టియో ఆర్థరైటిస్ అంటే కీలు అరుగుదల. 2019లో ప్రపంచంలో 52.8 కోట్ల మందికి ఇది ఉందని ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క. ఇందులో పొద్దున్న లేచాక బిగుతు సాధారణంగా అరగంటలోపే వదిలిపోతుంది, పని చేసిన కొద్దీ సాయంత్రానికి నొప్పి పెరుగుతుంది.

రుమటాయిడ్ ఆర్థరైటిస్ వేరు. శరీర రక్షణ వ్యవస్థే సొంత కీళ్ల మీద దాడి చేస్తుంది. రెండు చేతులకూ ఒకేలా వస్తుంది. మణికట్లు, వేళ్ల మొదళ్లు వాస్తాయి. పొద్దున్న గంటసేపైనా పిడికిలి ముడుచుకోదు. మగవాళ్ల కంటే ఆడవాళ్లలో రెండు మూడు రెట్లు ఎక్కువ. "పొద్దుటేల సెయ్యి ముడుసుకోనేదు" అని ఆరు వారాలుగా ఎవరైనా అంటుంటే తైలాలతో కాలం గడపకండి. మొదటి కొన్ని నెలల్లోనే మందు మొదలైతే కీళ్లు వంకర పోకుండా కాపాడుకోవచ్చు. ఈ జబ్బులో వ్యాయామం మందుకు తోడు మాత్రమే, మందుకు బదులు కాదు.

ఒక కీలు ఉన్నట్టుండి ఎర్రబడి, వేడెక్కి, వాచి, జ్వరం కూడా ఉంటే అది థెరపీకి సంబంధించిన విషయం కాదు. కీలులో చీము పట్టి ఉండొచ్చు. ఆ రోజే ఆసుపత్రికి వెళ్లాలి.

ఆ మందు వెనక భీమవరం బిడ్డ

రుమటాయిడ్‌కు ఇప్పుడు ప్రపంచమంతా ముందుగా రాసే మందు మెథోట్రెక్సేట్. 1895లో భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు అమెరికాలోని లెడర్లీ ప్రయోగశాలలో నడిపిన పరిశోధనల నుంచే ఈ కుటుంబపు మందులు వచ్చాయి. మొదట రక్త క్యాన్సరుకు వాడారు. 1951లో ఆ కుటుంబంలోని అమినోప్టెరిన్‌ను కీళ్లవాతానికి ఇచ్చి చూశారు. మెథోట్రెక్సేట్‌కు అమెరికాలో కీళ్లవాతం మందుగా అనుమతి వచ్చింది 1988లో. దానితో పాటు ఇచ్చే ఫోలిక్ ఆమ్లాన్ని కృత్రిమంగా తయారుచేసిందీ ఆయన బృందమే.

ఇంట్లో ఎవరికైనా ఈ మందు రాస్తే ఒకటి గుర్తుంచుకోండి. ఇది వారానికి ఒక్కరోజు వేసుకునే మాత్ర. పొరపాటున రోజూ వేసుకుంటే ప్రాణం మీదికి వస్తుంది. వారంలో ఏ రోజో చీటీ మీద పెద్దక్షరాలతో రాసి గోడకు అంటించండి.

ఉద్దానంలో ఫిజియోథెరపీ విలువ ఇంకా ఎక్కువ

కవిటి, సోంపేట, కంచిలి, ఇచ్ఛాపురం, మందస, వజ్రపుకొత్తూరు, పలాస. కొబ్బరి, జీడిమామిడి తోటలతో పచ్చగా ఉండే ఈ ఉద్దానం మండలాలు కిడ్నీ జబ్బుతో ఎంత నలిగిపోయాయో మనందరికీ తెలుసు. కారణం ఇదీ అని ఇంకా తేలలేదు. 2023 డిసెంబరులో పలాసలో కిడ్నీ పరిశోధన కేంద్రం, 200 పడకల ఆసుపత్రి ప్రారంభమయ్యాయి.

దీనికీ కీళ్ల నొప్పికీ ఏమిటి సంబంధం అంటారా? నొప్పికి మందుల షాపులో చీటీ లేకుండా కొనే డైక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్ లాంటి మాత్రలు కిడ్నీకి రక్తం అందించే నాళాలను తెరిచి ఉంచే రసాయనాలను అణిచేస్తాయి. ఆరోగ్యంగా ఉన్న మనిషి రెండు రోజులు వాడితే సాధారణంగా తట్టుకుంటాడు. ఎండలో చెమటోడ్చి, నీళ్లు చాలక ఒళ్లు ఎండిపోయిన కూలీ మనిషి నెలల తరబడి వాడితే ఆ దెబ్బ గట్టిగా తగులుతుంది. ఇప్పటికే కిడ్నీ నీరసించిన వాళ్లకైతే ఇది తెలిసి చేసే ప్రమాదం.

నా మనసులో గట్టిగా ఉన్న మాట ఇదే. మిగతా చోట్ల ఫిజియోథెరపీ నొప్పి మాత్రకు అదనపు సాయం. ఉద్దానంలో అది నొప్పి మాత్రకు ప్రత్యామ్నాయం కావాలి. తొడ కండకు బలం, కీలుకు కాపడం, చేతికి పట్టీ, పని చేసే పద్ధతిలో మార్పు: వీటిలో ఏదీ కిడ్నీ గుండా వెళ్లదు. డయాలసిస్ కేంద్రం ఎంత అవసరమో, కీళ్ల నొప్పి పడే మనిషి ఆ కేంద్రం దాకా వెళ్లకుండా చూసే ఫిజియోథెరపిస్టు ప్రతి మండలంలో ఉండటం అంతే అవసరం.

బొటనవేలి కొసన ఒక కిలో, మొదట్లో పన్నెండు

పొందూరులో ఖద్దరు వడికే ఆడవాళ్ల చేతులను దగ్గరగా చూస్తే ఆ పని ఎంత సున్నితమో, ఎంత కఠినమో అర్థమవుతుంది. వాలుగ చేప దవడతో పత్తిని దువ్వుతారు. తర్వాత ఒక చేత్తో రాట్నం తిప్పుతూ, రెండో చేతి బొటనవేలు, చూపుడువేలి మధ్య నుంచి సన్నని నూలు లాగుతారు. గంటల తరబడి అదే పట్టు.

రెండు వేళ్ల కొసలతో ఒక వస్తువును ఒక కిలో బలంతో నొక్కి పడితే, బొటనవేలి మొదట్లో మణికట్టు దగ్గరుండే చిన్న కీలు మీద దాదాపు పన్నెండు కిలోల ఒత్తిడి పడుతుందని 1977లో లెక్కకట్టారు. నడివయసు దాటిన ఆడవాళ్లకు బొటనవేలి మొదట్లో సలుపు ఎందుకొస్తుందో ఇక్కడ తెలుస్తుంది. తాళం తిప్పడం, మూత తీయడం, బట్టలు పిండడం, సూది గుచ్చడం, అన్నీ ఆ కీలు మీద పడే పనులే.

ఇక్కడే ఆక్యుపేషనల్ థెరపిస్టు అవసరం. ఫిజియోథెరపిస్టు ప్రధానంగా కీలు కదలిక మీద, కండబలం మీద, నడక మీద పని చేస్తే, ఆక్యుపేషనల్ థెరపిస్టు మీరు రోజూ చేసే పనిని విడగొట్టి చూస్తారు. ఆ పని మానమనరు. నొప్పి తక్కువగా ఉండేలా ఎలా చేయాలో చూపిస్తారు. బొటనవేలి మొదలును పట్టి ఉంచే చిన్న పట్టీ ఒకటి కొలత తీసి ఇస్తారు. పిడిని లావు చేస్తారు. పిడి లావైతే అంత గట్టిగా బిగించి పట్టుకోనక్కర్లేదు. గొల్లపల్లిలో పనస మానుతో బొబ్బిలి వీణ చెక్కే ఉలికైనా, బుడితిలో ఇత్తడి పనిముట్లకైనా, వంటింటి చాకుకైనా ఇదే సూత్రం. పాత సైకిలు ట్యూబు ముక్కో, గుడ్డ పేలికో పిడికి చుట్టి చూడండి, తేడా ఆ రోజే తెలుస్తుంది.

వంటింట్లో కీళ్లను కాపాడుకోవచ్చు

సూత్రం చిన్నది. చిన్న కీలు చేసే పనిని పెద్ద కీలుకు అప్పగించాలి. వేళ్లు చేసేది అరచేతికి, మణికట్టు చేసేది మోచేతికి, మోచెయ్యి చేసేది భుజానికి.

సంచి వేళ్లకు తగిలించుకోకుండా ముంజేతికి తగిలించుకోండి, లేదా భుజానికి వేసుకోండి. అన్నం గిన్నెను అంచు పట్టి ఒక చేత్తో ఎత్తకుండా, రెండు అరచేతులూ అడుగున పెట్టి ఎత్తండి. ఆవకాయ సీసా మూత మీద అరచెయ్యి ఆనించి, భుజం బలంతో తిప్పండి. సీసా కింద తడిగుడ్డ వేస్తే జారదు. బట్టలు పిండేటప్పుడు రెండు చేతులతో మెలిపెట్టకండి. బట్టను కుళాయికి చుట్టి లాగితే నీళ్లు దిగుతాయి, మణికట్టు మెలిపడదు. గుండ్రంగా తిప్పే కుళాయి బదులు మోచేత్తో కూడా జరపగలిగే కాడ కుళాయి పెట్టించుకోండి. నిండు బిందె ఒకటి చంకనెత్తుకునే బదులు సగం సగంగా రెండుసార్లు తెచ్చుకోండి.

చీపురు విషయం ప్రత్యేకంగా చెప్పాలి. పొట్టి చీపురుతో వంగి ఊడ్చే పద్ధతి నడుముకు, మోకాళ్లకు, వేళ్లకు ఒకేసారి భారం. ఓ గెడకు చీపురు కట్టుకుంటే నిలబడి ఊడ్చుకోవచ్చు. "ఇల్లు ఊడవడానికి కూడా గెడా?" అని ఎవరైనా అంటే పట్టించుకోవద్దు. కత్తిపీటను గట్టు మీదికో బల్ల మీదికో ఎక్కించి, కుర్చీలో కూర్చుని కూర తరుక్కోవడం కూడా అలాంటిదే.

పనిని ముక్కలు చేయడం ఇంకో మెలకువ. బియ్యం ఏరడం, చింతపండు ఒలవడం, పిండి కలపడం ఒకే పూట పెట్టుకోకూడదు. నొప్పి వచ్చాక ఆపడం కాదు, రాకముందే ఆపాలి. పలాస, కాశీబుగ్గ జీడి పరిశ్రమల్లో గంటల తరబడి ఒకే భంగిమలో కూర్చుని జీడిపిక్కలు కోసే ఆడవాళ్లకు ఈ మాట మరీ అవసరం. అరగంటకోసారి లేచి, వేళ్లు పూర్తిగా చాపి, పిడికిలి మూసి, బొటనవేలితో మిగతా నాలుగు వేళ్ల కొసలనూ తాకి మళ్లీ కూర్చోవడానికి ఒకటి రెండు నిమిషాలు చాలు. ఆ కాసింత విరామాన్ని కూలిలో కోసుకోకుండా ఇవ్వడం యజమానుల బాధ్యత.

చేతి వ్యాయామానికి పెద్ద రుజువే ఉంది

రుమటాయిడ్ ఉన్న చేతులతో వ్యాయామం చేస్తే కీళ్లు ఇంకా పాడవుతాయని చాలాకాలం భయపడ్డారు. బ్రిటన్‌లో 17 ఆసుపత్రుల్లో 490 మందితో ఒక పరీక్ష జరిపారు. చెయ్యి సాగదీసే, బలం పెంచే వ్యాయామాలు నేర్చుకుని ఇంట్లో చేసినవాళ్ల చేతులు, మామూలు సలహాతో సరిపెట్టుకున్నవాళ్ల చేతుల కంటే ఏడాది తర్వాత కూడా బాగా పనిచేశాయి. నొప్పి పెరగలేదు. 2015లో లాన్సెట్ పత్రిక దీన్ని ప్రచురించింది. ఖరీదైన సామగ్రి ఏమీ అక్కర్లేదు, ఓ పిండిముద్దో మెత్తటి బంతో చాలు.

ఫ్రెంచి చిత్రకారుడు రెన్వార్‌కు యాభై ఏళ్ల వయసులో ఈ జబ్బు మొదలైంది. 1919లో చనిపోయేదాకా బొమ్మలు వేస్తూనే ఉన్నాడు. వేళ్లు అరచేతిలోకి ముడుచుకుపోయి గోళ్లు గుచ్చుకోకుండా గుడ్డ చుట్టించుకునేవాడు. కుంచెను ఎవరో ఒకరు చేతిలో పెట్టేవారు. పెద్ద బొమ్మలకు చెయ్యి చాపలేక, బొమ్మ వేసే కాన్వాసునే రోలరు మీద దగ్గరికి జరుపుకునే ఏర్పాటు చేసుకున్నాడు. ఆక్యుపేషనల్ థెరపీ ఒక వృత్తిగా కుదురుకోకముందే ఆ పని ఎలా ఉంటుందో ఆయన గదిలో కనిపించేది.

మన దేశంలో ఈ వృత్తిని నాటింది ఓ కోడలు

అమెరికాలో పుట్టి, భారతీయుణ్ణి పెళ్లాడి ఇక్కడే స్థిరపడిన కమలా నింబ్కర్ 1950లో బొంబాయి కేఈఎం ఆసుపత్రిలో దేశంలోనే మొదటి ఆక్యుపేషనల్ థెరపీ పాఠశాల ప్రారంభించారు. 1952లో ప్రపంచ సమాఖ్య ఏర్పడినప్పుడు వ్యవస్థాపక దేశాల్లో భారత్ ఒకటి. ఇంత ముందుగా మొదలైనా, మన పల్లెల్లో ఈ పేరు విన్నవాళ్లు తక్కువే. ఫిజియోథెరపీ, ఆక్యుపేషనల్ థెరపీ రెండింటికీ దేశమంతటికీ ఒకే చట్టపు చట్రం 2021లో వచ్చింది.

కొండ మెట్లకు ఒక సూత్రం

రామతీర్థం కొండో, శాలిహుండం గుట్టో ఎక్కాలనుకునే పెద్దవాళ్లకు ఫిజియోథెరపిస్టులు నేర్పేది ఇది: ఎక్కేటప్పుడు మంచికాలు ముందు, దిగేటప్పుడు నొప్పికాలు ముందు. ఎక్కేటప్పుడు ఒళ్లును పైకి లేపేది పై మెట్టు మీది కాలు. దిగేటప్పుడు బరువును ఆపుతూ మెల్లగా దించేది పై మెట్టు మీద ఉండిపోయిన కాలు. ఆ రెండు బరువు పనులూ మంచికాలికే ఇవ్వాలి. ఒక్కో మెట్టు మీద రెండు పాదాలూ కలిపి నిలబడి, తర్వాతి మెట్టుకు వెళ్లాలి.

గొంతుకు కూర్చోవడం

మడి చెక్కల్లో కలుపు తీయడం నుంచి మరుగుదొడ్డి దాకా మన జీవితం గొంతుకు కూర్చునే సాగుతుంది. మోకాలు పూర్తిగా మడిస్తే చిప్ప కింద ఒత్తిడి శరీర బరువుకు ఎన్నో రెట్లు పెరుగుతుంది. మోకాలు బాగున్నవాళ్లు ఈ అలవాటు మానక్కర్లేదు. అరిగినవాళ్లకు మాత్రం మరుగుదొడ్డి మీద పెట్టుకునే కమోడ్ కుర్చీ, లేవడానికి పట్టుకునే గోడ కడ్డీ గొప్ప ఉపకారం. మోకాలు నొప్పికి భయపడి నీళ్లు తాగడమే తగ్గించే ముసలివాళ్లున్నారు. అలా తగ్గిస్తే మళ్లీ కిడ్నీకే ముప్పు.

కాపడం ఎప్పుడు, చల్లదనం ఎప్పుడు?

వావిలాకు వేసి కాచిన నీళ్లు, వేడి చేసిన ఆముదపాకు మన ఇళ్లలో తరతరాలుగా ఉన్నాయి. బిగుసుకున్న కీలుకు వేడి హాయినిస్తుంది, వ్యాయామానికి ముందు పది పదిహేను నిమిషాల కాపడం మంచిదే. ఎర్రగా వేడెక్కి వాచి ఉన్న కీలుకు మాత్రం చల్లటి గుడ్డే మేలు. చక్కెర జబ్బుతో పాదాలు తిమ్మిరెక్కినవాళ్లకు వేడి ఎంతో తెలియదు. ఇంకొకరు చేత్తో చూశాకే పెట్టాలి.

వ్యాయామం ఎక్కువైందని ఎలా తెలుస్తుంది?

చేసేటప్పుడు కాస్త నొప్పి మామూలే. వ్యాయామం ముగిశాక రెండు గంటలకు కూడా, మొదలుపెట్టకముందు ఉన్నదానికంటే ఎక్కువ నొప్పి ఉంటే, మర్నాడు సగం చేయండి. పూర్తిగా మానొద్దు. 2005, 2006 సంవత్సరాల్లో రాష్ట్రాన్ని కుదిపేసిన చికున్‌గున్యా తర్వాత నెలల తరబడి కీళ్లు పట్టేసి బాధపడ్డవాళ్లు మన ఊళ్లలో ఎందరో. అలాంటి జ్వరాల తర్వాత కూడా కొద్దికొద్దిగా కదలిక పెంచుకోవడానికి ఈ రెండు గంటల లెక్క పనికొస్తుంది.

కర్రలు, వాకర్లు ఉచితంగా ఇచ్చే పథకం మన రాష్ట్రంలోనే మొదలైంది

రాష్ట్రీయ వయోశ్రీ యోజనను 2017 ఏప్రిల్ 1న నెల్లూరులో ప్రారంభించారు. 60 ఏళ్లు దాటిన పేదలకు కర్ర, వాకరు, చక్రాల కుర్చీ లాంటి ఉపకరణాలు శిబిరాల్లో ఉచితంగా ఇచ్చే కేంద్ర పథకం ఇది. శిబిరం ఎప్పుడు పెడతారో మీ సచివాలయంలో అడుగుతూ ఉండండి. ఇచ్చిన కర్రను అక్కడే మణికట్టు ఎత్తుకు సరిచేయించుకుని రండి.

ఆసుపత్రిలో ఏమడగాలి?

శ్రీకాకుళం ప్రభుత్వాసుపత్రి, రాగోలు జెమ్స్, నెల్లిమర్ల మిమ్స్, విజయనగరం ప్రభుత్వాసుపత్రి, ఇంకా పైకి వెళ్తే విశాఖ కేజీహెచ్. ఎక్కడికి వెళ్లినా ఎముకల డాక్టరు చీటీ రాసేటప్పుడు "ఫిజియోథెరపీకి కూడా రాయండి బాబూ" అని అడగండి. అడగడం మీ హక్కు.

థెరపిస్టు ముందు కూర్చున్నాక నొప్పి ఎక్కడుందో చెప్పడంతో ఆగిపోకండి. ఏ పని చేయలేకపోతున్నారో చెప్పండి. జడ వేసుకోలేకపోతున్నాను, జాకెట్టు హుక్కులు పెట్టుకోలేకపోతున్నాను, అన్నం కలుపుకోలేకపోతున్నాను, బస్సు మెట్టు ఎక్కలేకపోతున్నాను, వల లాగలేకపోతున్నాను. వైద్యం ఆ పని నుంచే మొదలవుతుంది. వీలైతే వంటింటి గట్టు, మంచం, మరుగుదొడ్డి గుమ్మం, రోజూ కూర్చుని పనిచేసే చోటు ఫోనులో ఫొటోలు తీయించుకుని వెళ్లండి. ఏది ఎంత ఎత్తు పెంచాలో, ఎక్కడ కడ్డీ బిగించాలో వాటిని చూసి చెప్పగలుగుతారు.